దమ్ము వేరు, బలం వేరు

బడిలో పంతుళ్లు వేసే శిక్షల్లో మూడింటికి ఇప్పుడు కొత్త బతుకొచ్చింది. గుంజీలు, గోడకుర్చీ, ఇంకా పాతకాలపు వీధిబడుల్లోనైతే కోదండం. ఈ మూడింటినీ ఇవాళ జిమ్ముల్లో నెలకింతని ఫీజు కట్టి మరీ చేస్తున్నారు. గుంజీలు స్క్వాట్లయ్యాయి. గోడకుర్చీ వాల్ సిట్ అయింది. దూలానికి కట్టిన తాడు పట్టుకుని పిల్లవాడు వేలాడే కోదండం డెడ్ హ్యాంగ్ అయింది. శిక్షగా ఉన్న రోజుల్లో వాటికి కొలత ఒక్కటే, ఎన్ని తీశావు, ఎంతసేపు ఉన్నావు అని. వంద గుంజీలు తియ్యమన్న సార్లున్నారు గానీ, కష్టమైన గుంజీ ఐదు తియ్యమన్న సారు ఎక్కడా లేడు. శిక్ష పోయింది, ఆ లెక్క మాత్రం పోలేదు. వేకువన నల్లగొండ ఎన్జీ కాలేజీ మైదానంలోనో మహబూబ్‌నగర్ స్టేడియంలోనో కాసేపు నిలబడితే చెవిన పడేవి అంకెలే. డెబ్బై, డెబ్బై ఒకటి, డెబ్బై రెండు.

డెబ్బై దండీలు, అంటే పుష్‌అప్‌లు, తీసేవాడికి శక్తి లేదని ఎవరూ అనరు. ఉంది. కాకపోతే అది ఏ రకం శక్తి అన్నది ప్రశ్న. దీనికి మన భాషలో రెండు మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఆగకుండా చాలాసేపు పని లాగగలిగితే దమ్ము. ఒక్క ఊపులో ఎంత బరువును కదిలించగలడన్నది బలం. రెండింటికీ కొంత చుట్టరికం ఉన్నా, ఒకటి పెంచితే రెండోది దానంతటదే పెరగదు. సామాను లేకుండా ఇంటి దగ్గర కసరత్తు చేసేవాళ్లలో ఎక్కువమంది ఏళ్ల తరబడి దమ్మునే పెంచుకుంటూ, బలం రావడం లేదేమని తిండినో ఒంటి తీరునో తప్పుబడుతుంటారు.

దండీలు, బస్కీలు (కూర్చుని లేచే కసరత్తు) కుస్తీ నేర్పే తాలీంల నుంచి వచ్చిన మాటలు. వస్తాదులు వందల లెక్కన తీసిన మాట నిజమే. అయితే వాళ్లకు అది సగం పనే. మిగతా సగం ఎదుటి మనిషిని ఎత్తి పడేయడంలో, రాతిగుండ్లు లేపడంలో, గదలు తిప్పడంలో ఉండేది. తాలీంలు మూతబడ్డాక ఎదుటి మనిషి పోయాడు, గుండు పోయింది, వంద మిగిలింది.

ఈ తేడా బయటపడే చోటు పోలీసు ఉద్యోగాలకు పెట్టే దేహ పరీక్షలు, అంటే ఈవెంట్లు. తెలంగాణ 2022 నోటిఫికేషన్ ప్రకారం కానిస్టేబుల్, ఎస్సై పోస్టులకు మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, 4 మీటర్లు దూకాలి, 7.26 కిలోల షాట్‌పుట్‌ను 6 మీటర్లు విసరాలి. ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు, 2.5 మీటర్ల లాంగ్‌జంప్, 4 కిలోల గుండు 4 మీటర్లు. మూడింట్లో ఒక్క పరుగే దమ్ము అడుగుతుంది. దూకడం, విసరడం రెండూ బలాన్ని, అదీ రెప్పపాటులో, అడుగుతాయి. అయినా పల్లెల్లో ప్రిపరేషన్ అంటే పొద్దున పరుగు, సాయంత్రం పరుగు, మధ్యలో లెక్కపెట్టిన దండీలు. గుండు చేతికందేది చివరి నెలలో, అదీ నలుగురైదుగురికి ఒకటి. 7.26 కిలోల ఇనుము 6 మీటర్లు పోవాలంటే నేలను తన్నే కాలికి, తిరిగే నడుముకు, నెట్టే భుజానికి బలం ఉండాలి. అది పరుగులో రాదు, డెబ్బయ్యో దండీలో కూడా రాదు.

ఎందుకు రాదంటే, కండ అనేది ఒకే ముద్ద కాదు, వేల పోగుల కట్ట. నరాలు ఆ పోగులను గుంపులు గుంపులుగా పనికి పిలుస్తాయి. తేలిక పనికి ముందు చిన్న గుంపులే లేస్తాయి, పెద్దవి పడుకునే ఉంటాయి. పొలంలో కలుపు తీయడానికి ఇంట్లోవాళ్లు చాలు. బురదలో బండి దిగబడితేనే వాడంతా వచ్చి చెయ్యేస్తుంది. పెద్ద పోగులు లేవాలంటే బరువైనా ఎక్కువ కావాలి, లేదా చిన్నవన్నీ అలసిపోయి చివరికైనా రావాలి. అందుకే చివరిదాకా వెళ్లగలిగితే 20, 30 సార్ల లెక్కతో కూడా కండ పెరుగుతుంది. ఆ మాట తోసిపుచ్చలేం. కానీ పెద్ద బరువును ఒక్కసారి కదిలించే నేర్పు పెద్ద బరువుతో చేస్తేనే వస్తుంది. దాదాపు 5 నుంచి 8 సార్లు చేసేసరికి ఇంకో రెండు మాత్రమే తీయగలం అనిపించే పని బలానికి సరైన పని. 15 దాటి సులువుగా పోతుంటే ఆ కసరత్తు కాలం చెల్లినట్టే.

ఇక్కడే అందరూ ఆగిపోతారు. జిమ్ముల్లో ఇనుప పళ్లెం ఇంకోటి తగిలిస్తే బరువు పెరుగుతుంది. ఒళ్లు మాత్రం ఇవాళ 60 కిలోలు, రేపూ 60 కిలోలే. మరి బరువెట్లా పెరగాలి?

ఒళ్లు ఎంత తూగుతుందన్నది ఎవరూ మార్చలేరు. అందులో ఎంత వాటా చేతుల మీద పడుతుందన్నది ఎంతైనా మార్చొచ్చు. నేల మీద మామూలు దండీలో చేతులు నిటారుగా ఉన్నప్పుడు ఒంటి బరువులో 64 శాతం వాటి మీద పడుతుందని పరిశోధకులు కొలిచారు. 60 కిలోల మనిషికి అది 38 కిలోలు. చేతులు 30 సెంటీమీటర్ల ఎత్తున ఆనిస్తే 55 శాతం, అంటే 33 కిలోలు. 60 సెంటీమీటర్ల ఎత్తున అయితే 41 శాతమే, 25 కిలోలకు కాస్త తక్కువ. తిరగేసి, చేతులు నేలన ఉంచి కాళ్లు 60 సెంటీమీటర్ల ఎత్తున పెడితే 74 శాతం, 44 కిలోలు. ఇంటి ముందు అరుగు, మంచం పట్టె, గడప, నేల. ఈ నాలుగూ నాలుగు రకాల ఇనుప పళ్లేలు. మొదలుపెట్టేవాళ్లకు అంతకంటే ముందు గోడ ఉంది.

మోకాళ్లు ఆనించి తీసే దండీ 49 శాతం, 29 కిలోలు. బరువులో అది అరుగుకూ గడపకూ మధ్యన పడుతుంది. అయినా మోకాళ్ల దండీ కంటే అరుగు మీది దండీయే మేలు. మోకాళ్లు ఆనించిన మనిషి నడుమును వదిలేస్తాడు. అరుగు మీద చేతులు పెట్టినవాడికి తల నుంచి మడమ దాకా ఒళ్లంతా ఒక్క బద్దలా బిగిసి ఉండక తప్పదు, నేల మీదికి దిగాక కావలసింది కూడా ఆ బిగువే. ఆడవాళ్లకు మోకాళ్ల దండీ, మగవాళ్లకు మామూలు దండీ అని పంచిపెట్టే అలవాటు ఎక్కడ పుట్టిందోగానీ, దానికి అర్థం లేదు. ఎవరి బలాన్ని బట్టి వాళ్లకు మెట్టు.

ఒక్క దండీని దగ్గర్నుంచి చూస్తే ఈ లెక్కలన్నీ కళ్లముందు కొస్తాయి. షాబాద్ బండల నేల. చెమట పడితే జారుతుంది కాబట్టి కాళ్ల కింద తడిపిన గోనెసంచి. అరచేతులు భుజాలకంటే కాస్త ఎడంగా, వేళ్లు విప్పి, చూపుడువేలి మొదలు నేలను గట్టిగా నొక్కుతూ. మోచేతులు పక్కలకు రెక్కల్లా విప్పుకోకుండా డొక్కలకు ఏటవాలుగా. దిగడానికి మూడు లెక్కలు. రొమ్ము నేలకు పిడికెడు ఎత్తుకొచ్చాక ఒక లెక్క ఆగడం. ఆ ఆగడంలోనే అసలు సంగతంతా తెలుస్తుంది. వదులైన నులకమంచంలా నడుము కిందికి జారిందా, మెడ ముందుకు సాగిందా, భుజాలు చెవుల దగ్గరికి ఎక్కాయా. తర్వాత ఊపిరి వదులుతూ నేలను కిందికి నెట్టడం. డెబ్బై లెక్కపెట్టే కుర్రాడు ఇలా తీస్తే పది పన్నెండుకే ఆగిపోవడం వింత కాదు. ఆ డెబ్బైలో చాలావాటికి మోచెయ్యి నాలుగు వేళ్లంత మాత్రమే వంగి ఉంటుంది.

44 కిలోల తర్వాత ఎత్తు పెంచుకుంటూ పోయినా లాభం తక్కువ. 38 నుంచి 44కు రావడానికి కాళ్లు రెండడుగుల ఎత్తుకు వెళ్లాయి, పెరిగింది ఆరు కిలోలే. ఆపైన దారి, బరువును ఒక చేతి వైపు జరపడం. ఒక చెయ్యి భుజం కింద, రెండోది పక్కకు చాచి, దిగేటప్పుడు మొదటి చేతి మీదికే వాలడం. రెండు చేతులు పంచుకున్న 38 కిలోల్లో ఒకటే చెయ్యి 25, 30 మోయాల్సి వస్తుంది. వీపుకు పుస్తకాల సంచి తగిలించుకోవడం ఇంకో దారి. అదే అన్నిటికంటే తేలికైన ఉపాయం, అందుకేనేమో ఎవరికీ నచ్చదు.

కాళ్ల విషయంలో లెక్క ఇంకా తేటగా ఉంటుంది. బస్కీ తీసేటప్పుడు మోకాలి కింది భాగం, పాదం ఎత్తాల్సిన బరువులోకి రావు. అవి ఒక్కో కాలికి ఒంటి బరువులో సుమారు 6 శాతం. 60 కిలోల మనిషి రెండు కాళ్ల మీద తీసే బస్కీలో ఒక్కో కాలు మోసేది 26 కిలోలు. అదే ఒంటికాలి మీద తీస్తే 56 కిలోలు. దమ్మిడీ ఖర్చు లేకుండా బరువు రెండింతలు దాటింది. ఒంటికాలి బస్కీ ఒక్కసారిగా రాదు. మొదట వెనక కాలి పాదం మంచం మీద పెట్టి, ముందు కాలి మీద దిగడం. తర్వాత ఒంటికాలి మీద కుర్చీలోకి మెల్లగా కూర్చుని, అదే కాలి మీద లేవడం. కుర్చీ అలవాటయ్యాక బోర్లించిన బకెట్, దాని తర్వాత పీట. ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జారుతుంది, గోడకు ఆనించి పెట్టాలి.

నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లు ఎక్కి దిగేవాళ్లకు ఒక అనుభవం ఉంటుంది. ఎక్కేటప్పుడు రొప్పు, దిగేటప్పుడు హాయి. తొడలు పట్టేసేది మాత్రం ఆ రోజు కాదు, మర్నాడో ఎల్లుండో. ఆ నొప్పి తెచ్చింది ఎక్కడం కాదు, దిగడం. దిగేటప్పుడు కండ సాగుతూ బరువును ఆపుకుంటుంది, ఆ పనికి అలవాటు లేకపోతే నొప్పి ఎక్కువ. అయితే అదే పనిలో కండకు సత్తువా ఎక్కువే. పైకి లేపలేని బరువును కిందికి మెల్లగా దించగలదు. ఈ ఒక్క గుణం లేకపోతే సామాను లేని కసరత్తులో అన్నిటికంటే కష్టమైన పనికి, అంటే ఒంటిని పైకి లాక్కునే పనికి, మొదటి మెట్టే దొరకదు.

లాగడం అందరూ వదిలేసే పని. నెట్టడానికి నేల చాలు, కూర్చుని లేవడానికి కాళ్లు చాలు, లాగాలంటే మాత్రం పైన ఏదో ఒకటి ఉండాలి. ఏళ్ల తరబడి దండీలే తీస్తే రొమ్ము బిగిసి, భుజాలు ముందుకు వాలి, వీపు వెనకబడుతుంది. సైన్యంలోకి తీసుకునే అగ్నివీర్ ర్యాలీలో ఈ లాగే పనికి మార్కులే ఉన్నాయి. 10 పుల్‌అప్‌లు తీస్తే 40, 6 తీస్తే 16. మొదటిదే రానివాళ్లు బార్ కింద ఎగిరి, కాళ్లు తన్నుకుని, గడ్డం ఎత్తి చూపి దిగిపోతారు. దండీలో 25 కిలోల దగ్గర మొదలుపెట్టే వీలుంది. పుల్‌అప్ దాదాపు ఒళ్లంతటినీ మొదటిరోజే అడుగుతుంది, మెట్లు మనమే కట్టుకోవాలి.

మెట్లు ఇవి. స్తంభానికి తువ్వాల చుట్టి, రెండు కొసలు పట్టుకుని, మడమలు స్తంభం మొదట్లో ఆనించి వెనక్కి వాలి, రొమ్మును స్తంభం దగ్గరికి లాక్కోవడం. ఎంత వెనక్కి వాలితే అంత బరువు. తర్వాత నడుమెత్తు కమ్మీ కింద వెల్లకిలా, మడమలు నేలన ఉంచి లాక్కోవడం. ఆపైన అసలు బార్ దగ్గర స్టూలెక్కి గడ్డం పైకి పెట్టుకుని, కాళ్లు వదిలి, ఎనిమిది పది లెక్కలు పెడుతూ కిందికి దిగడం. గుట్ట దిగినట్టే. అలా మెల్లగా ఐదుసార్లు దిగగలిగినవాడికి మొదటి పుల్‌అప్ ఎంతో దూరంలో ఉండదు. వారానికి రెండు రోజులకు మించి ఈ పని చేయవద్దు. మోచేతి లోపలి వైపు పట్టేస్తే నెలలు పోతాయి.

బార్ ఎక్కడుందంటే, ఊళ్లోనే ఉండొచ్చు. 2022లో మొదలైన తెలంగాణ క్రీడా ప్రాంగణాల్లో లాంగ్‌జంప్ గుంటతో పాటు కసరత్తు కమ్మీలు కూడా నాటారు. కొన్నిచోట్ల ఆట కోర్టుల్లో సర్కారు తుమ్మ మొలిచినా కమ్మీ మాత్రం నిలబడే ఉంది, ఇనుముకు నీళ్లు పోయక్కర్లేదు కదా. పట్టణాల పార్కుల్లోని ఓపెన్ జిమ్‌ల సంగతి వేరు. ఆ రంగురంగుల యంత్రాలు ఊగుతాయి, కీళ్లు కదులుతాయి, పెద్దవాళ్లకు మంచిదే. కానీ వాటిలో చాలావాటికి బరువు పెంచే వీలు లేదు, మూడో వారానికి అవి ఊయలలవుతాయి. అదే పార్కులో ఒక మూలనుండే ఉత్త కమ్మీ వాటన్నిటికంటే విలువైనది. అదీ లేకపోతే వేపకొమ్మ. ఎండిన కొమ్మ కాకుండా, చెయ్యి పట్టేంత లావున్న పచ్చి కొమ్మ.

లాగే బలం అనగానే నల్లగొండలో అందరికీ గుర్తొచ్చేది తాటిచెట్లెక్కే గౌడన్నలు. చేతులతో లాక్కుంటూ ఎక్కుతారని దూరం నుంచి చూసేవాళ్లకు అనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే మోకు అనే తాడు నడుము వెనక నుంచి చెట్టును చుట్టి ఉంటుంది. మనిషి దాని మీదికి వెనక్కి వాలి, పాదాలతో మానును తంతూ లేస్తాడు, లేచిన క్షణంలో మోకును పైకి ఎగరేస్తాడు. బరువంతా పాదాలకూ నడుముకూ మోకుకూ మధ్య పంచుకుంటుంది. చేతులకు మిగిలేది పట్టు. ఒంటిని నిజంగా వేళ్ల మీద లాక్కునే విద్య చూడాలంటే భువనగిరి పోవాలి. ఖిల్లా ఉన్న ఆ ఏకశిల దగ్గరే రాక్ క్లైంబింగ్ నేర్పుతారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ బండ మీదే. అప్పటికి పూర్ణకు 14 ఏళ్లు కూడా నిండలేదు. బండ మీద కూడా కొత్తవాళ్లకు మొదట నేర్పేది చేతులతో కాదు, కాళ్లతో లేవమనే.

ఇక మిగిలింది నేల మీది బరువును నడుము వంచి ఎత్తడం. తొడల వెనక కండ, పిరుదులు, నడుము దీనితోనే గట్టిపడతాయి. ఒంటి బరువుతో దీన్ని చేయడం కష్టం, ఇక్కడ కొన్ని వస్తువులు కావాలి, అన్నీ ఇంట్లోవే. బకెట్టు నీళ్లు అన్నిటికంటే మంచి తూకం. లీటరుకు కిలో, గీత చూసి పోసుకోవచ్చు. తీగ పిడి చేతిని కోస్తుంది, పాత గుడ్డ చుట్టాలి. ఫ్లోరైడ్ భయంతో కొనే 20 లీటర్ల క్యాన్లు నల్లగొండ ఇళ్లల్లో కొదవలేనివి. పిడి ఉన్న క్యాన్ అయితే దాన్ని మించింది లేదు. ఖాళీ యూరియా బస్తా కడిగి ఆరబెట్టి, లోపల మరో సంచి పెట్టి ఇసుక నింపితే కదిలే బరువు తయారు. నేత సందుల్లోంచి ఇసుక కారుతుంది, లోపలి సంచి అందుకే. యూరియా బస్తా నిండుగా 45 కిలోలు. ఇసుకతో నింపితే అంతకంటే బాగా బరువెక్కుతుంది, కాబట్టి సగం లోపే మొదలు. వీపు చదునుగా ఉంచి, తుంటిని వెనక్కి నెట్టి, బస్తాను ఒంటికి ఆనించుకుని లేపాలి. బస్తా అటూ ఇటూ జారుతూ సతాయిస్తుంది. ఇనుప కడ్డీ కంటే దానితో పట్టు పెరగడానికి కారణం ఆ సతాయింపే.

ఇంతవరకు వచ్చాక ఎవరైనా అడగాల్సిన మాట ఒకటుంది. బరువులెత్తితే బలమొస్తుందంటే పాలమూరు కూలీని మించిన బలవంతుడు ఉండకూడదు కదా? నాగార్జునసాగర్ మొదలు దేశంలో ఎన్నో ప్రాజెక్టుల మట్టి, రాయి మోసింది పాలమూరు లేబరే. 1955లో పునాది రాయి పడ్డ సాగర్ ఆనకట్ట ప్రపంచంలోని పెద్ద రాతికట్టడాల్లో ఒకటి, దాన్ని పేర్చింది ఎక్కువగా మనుషుల చేతులే. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి గుంపును తీసుకుపోతే ఏడెనిమిది నెలలు తట్టా పారా పలుగే లోకం. అంత మోసిన ఒళ్లు నలభై ఏళ్లకే ఎందుకు వంగిపోయింది?

జవాబు కసరత్తుకూ చాకిరీకీ ఉన్న తేడాలో ఉంది. తట్ట బరువు మొదటిరోజు ఎంతో, మూడేళ్ల తర్వాతా అంతే. ఒళ్లు మొదటి కొన్ని వారాల్లో ఆ బరువుకు సరిపడా బలం తెచ్చుకుంటుంది, అక్కడితో ఆగుతుంది. ఆపైన పెరిగేది దమ్ము, అరిగేది కీలు. కండ పెరిగేది పని చేసేటప్పుడు కాదు, పని ఆపాక. గట్టిగా పనిచేసిన కండకు కోలుకోవడానికి ఒకటి రెండు రోజులు కావాలి, కూలీకి పొద్దు పొడిస్తే మళ్లీ తట్ట. మోత ఎప్పుడూ ఒకే తీరు. తల మీద, మెడ మీద, ఒకే వైపు వంగి. లాగే పని లేదు, ఒంటిని తిరగేసే పని లేదు. తిండి సంగతి చెప్పనక్కర్లేదు. మోసిన ప్రతి తట్టకూ కొంత కండ ఇచ్చుకుంటూ పోయిన ఒంటికి, తీసుకునే వేళ దొరకలేదు. ఇవాళ పత్తి చేలో రోజంతా నడుము వంచిన ఆడవాళ్ల సంగతీ ఇదే. పొలం పని చేసేవాళ్లకు కసరత్తెందుకన్న మాట వినడానికి బాగుంటుంది. నిజానికి ఆ పని చేసేవాళ్లకే, ఆ పని వాడుకోని కండలకు, వారానికి రెండు పూటల కసరత్తు అందరికంటే ఎక్కువ అవసరం. పని దినాల్లో కాదు, పని లేని పూట.

వారానికి కనీసం రెండు రోజులు పెద్ద కండలన్నిటికీ బలమిచ్చే పని పడాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచన. మూడు రోజులైతే ఇంకా మేలు, రోజు విడిచి రోజు. ఒక నెట్టే పని, ఒక లాగే పని, ఒక ఒంటికాలి పని, ఒక నేల మీది ఎత్తుడు. ఒక్కోటి మూడు విడతలు. విడతకూ విడతకూ మధ్య రెండు మూడు నిమిషాల విరామం. ఆ విరామంలోనే కుర్రాళ్లకు ఓపిక పోతుంది. చెమట ఆరిపోతోంది, టైమ్ వృథా అవుతోంది అనుకుని వెంటనే దిగుతారు, దాంతో అది మళ్లీ దమ్ము కసరత్తయి కూర్చుంటుంది. మొదటి నెలన్నరలో అద్దంలో ఏమీ కనిపించదు, ఎత్తే బరువు మాత్రం చకచకా పెరుగుతుంది. అప్పటి బలం చాలావరకు నరాలు పోగులను పిలవడం నేర్చుకున్నందువల్ల వచ్చేది, కండ తర్వాత వస్తుంది. కాబట్టి అద్దం కంటే నోటు పుస్తకం నమ్మదగ్గది. తేదీ, ఏ మెట్టు, ఎన్ని. ఎండాకాలం 44, 45 డిగ్రీలు కాసే జిల్లాల్లో ఏ వేళన చేయాలో చెప్పాల్సిన పని లేదు.

తిండికి డబ్బాల పొడి అవసరం లేదు, లెక్క అవసరం. మామూలు మనిషికి కిలో ఒంటి బరువుకు రోజూ 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. బలం కోసం కసరత్తు చేసేవాళ్లకు 1.6 గ్రాముల దాకా పనికొస్తుంది. 60 కిలోల మనిషికి 96 గ్రాములు. 100 గ్రాముల పల్లీల్లో 25 గ్రాముల వరకు, 100 గ్రాముల కందిపప్పులో 22, అంతే ఉలవల్లో 22, అంతే జొన్నల్లో 10, ఒక్కో గుడ్డులో 6. వనపర్తి, గద్వాల వైపు పల్లీ పండించే ఇళ్లల్లోనే కుర్రాళ్లు పొడి డబ్బాలు కొనడం చూస్తే నవ్వొస్తుంది. సన్నబియ్యం అన్నం కుప్ప మీద చారు పోసుకుని తింటే మాత్రం 96 ఏ లెక్కనా రాదు. పప్పు కూరగా కాదు, కూడుగా తినాలి.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఇంకో జాగ్రత్త ఉంది. లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌ను దశాబ్దాలు తాగిన ఒంట్లో ఎముక చూడటానికి చిక్కబడుతుంది గానీ పెళుసవుతుంది. కీళ్ల చుట్టూ ఉండే పట్టీలు సున్నంలా గట్టిపడి వెన్ను, మోకాళ్లు బిగుసుకుంటాయి. ఆ నీటిని శుద్ధి చేసే పద్ధతికి ఈ జిల్లా పేరే నల్గొండ టెక్నిక్ అని స్థిరపడింది. మిషన్ భగీరథ నల్లా నీళ్లొచ్చాక కొత్తగా తాగేవాళ్లకు ముప్పు తగ్గొచ్చు, గట్టిపడిన కీలు మాత్రం వెనక్కి రాదు. అలాంటి వాళ్లు పూర్తిగా కిందికి కూర్చునే బస్కీలు, గెంతులు, బస్తా ఎత్తడం జోలికి పోకూడదు. బిగుసుకున్న కీలును బలవంతంగా వంచితే కండ బలపడే బదులు ఎముక దెబ్బతింటుంది. డాక్టరును అడిగాకే, నొప్పి లేని మేరకే.

వాళ్లకూ, బీపీ ఉన్న పెద్దవాళ్లకూ పనికొచ్చేది మళ్లీ ఆ బడి శిక్షే. 2023లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనా సమీక్ష అన్నిరకాల కసరత్తుల్లో రక్తపోటును ఎక్కువగా తగ్గించేవి కదలకుండా బిగబట్టే వ్యాయామాలేనని తేల్చింది. వాటిలో గోడకుర్చీ ముందుంది. సాధారణంగా రెండేసి నిమిషాలు, మధ్యలో విరామంతో నాలుగుసార్లు, వారానికి మూడు రోజులు. పంతులు చెప్పినట్టు తొడలు నేలకు సమంగా వచ్చేదాకా దిగనక్కర్లేదు, గోడకు ఆనుకుని కొద్దిగా జారితే చాలు. ఊపిరి బిగబట్టకూడదు. బిగబడితే ఆ రెండు నిమిషాల్లో బీపీ ఎక్కడికో పోతుంది. పక్కన ఎవరైనా ఉంటే మాట్లాడుతూ చేయడం మంచి ఉపాయం, మాటాడేవాడు ఊపిరి ఆపలేడు.

గోడ తర్వాత మంచం. చేతులు రొమ్ము మీద కట్టుకుని, పాదాలు నేలన ఆనించి, మంచం మీంచి లేచి మళ్లీ మెల్లగా కూర్చోవడం. లేవలేకపోతే మంచం మీద రెండు దుప్పట్లు మడిచి ఎత్తు పెంచాలి. పదిసార్లు నొప్పి లేకుండా వచ్చిన వారం ఒక దుప్పటి తీసెయ్యాలి, తర్వాత రెండోది. ఆ తర్వాత కుర్చీ, దాని తర్వాత పీట, మోకాలు ఒప్పుకున్నంత వరకు.